మొదటి ర్యాలీ సీజన్: కొత్త జట్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి సొంత కారుతో ర్యాలీల్లోకి దిగాలనుకునే కుర్రాళ్లు ఏటా అవే సందేహాలతో ఫోన్ చేస్తుంటారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఇవి ఇండియన్ నేషనల్ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌నీ (ఐఎన్‌ఆర్‌సీ), ఆ పద్ధతిలో జరిగే చిన్న ర్యాలీలనీ దృష్టిలో పెట్టుకుని రాసినవి. నిబంధనలు ఏటా కొంత మారతాయి. ఆ ఏడాది రూల్‌బుక్, మీరు వెళ్లే ర్యాలీ సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ (ఆ ర్యాలీ కోసం విడిగా ఇచ్చే నిబంధనలు) తప్పకుండా చదవండి.

మొదటి సీజన్‌కి నేను చూసే లెక్క ఒక్కటే: ఎన్ని స్టేజీ కిలోమీటర్లు, అంటే రోడ్డు మూసేసి గడియారంతో పోటీ పెట్టే కిలోమీటర్లు, పూర్తి చేశారు. కప్పులు, పోడియాలు తర్వాత. ఈ జవాబులన్నీ ఆ లెక్క మీద చెప్పినవే.

## దిగే ముందు

ర్యాలీ అంటే రేసే కదా? తేడా ఏముంది?

రేసులో అందరూ ఒకేసారి ఒకే ట్రాక్ మీద పరిగెడతారు. ర్యాలీలో ఒక్కో కారునీ విడివిడిగా, కొన్ని నిమిషాల తేడాతో వదులుతారు. జనాన్ని ఆపి మూసేసిన రోడ్లలో స్పెషల్ స్టేజీలు ఉంటాయి, అక్కడ గడియారంతోనే పోటీ. ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి మాత్రం మామూలు రోడ్డు మీద, మామూలు ట్రాఫిక్ నిబంధనలు పాటిస్తూ, ఇచ్చిన టైంలో చేరాలి. స్టేజీల టైములు, పెనాల్టీలు అన్నీ కలిపి ఎవరికి తక్కువ వస్తే వాళ్లు గెలిచినట్టు. కారులో ఇద్దరుంటారు, డ్రైవర్, పక్కన దారి చదివి చెప్పే నావిగేటర్. ఇద్దరూ పోటీదారులే.

ముందు టీఎస్‌డీ చేయమంటున్నారు. మేం స్పీడ్ కోసం వస్తే అది టైం వేస్ట్ కాదా?

కాదు. టీఎస్‌డీ అంటే టైం-స్పీడ్-డిస్టెన్స్ ర్యాలీ, అందులో ఇచ్చిన సగటు వేగాన్ని కచ్చితంగా పట్టుకోవాలి. ముందొచ్చినా, ఆలస్యంగా వచ్చినా పెనాల్టీ పడుతుంది. దానికి మామూలు కారు చాలు, రోల్ కేజ్ (బోల్తా పడినా మనల్ని కాపాడే ఉక్కు పైపుల చట్రం) అక్కర్లేదు. రోడ్ బుక్ (దారి వివరాల పుస్తకం) చదవడం, దూరం కొలిచే ట్రిప్‌మీటర్ కాలిబ్రేట్ చేయడం, కదిలే కారులో తల దించుకుని లెక్కలు వేయడం నావిగేటర్‌కి అక్కడే అలవాటవుతుంది. కదిలే కారులో కాగితం చూస్తే వాంతి వచ్చే మనిషి ఎవరో కూడా అక్కడే తేలిపోతుంది. డ్రైవర్‌కి మాత్రం ఆటోక్రాస్ (చిన్న మట్టి ట్రాక్ మీద టైం పోటీ) ఎక్కువ ఉపయోగం, మట్టి మీద కారు జారినప్పుడు చేతులు ఏం చేయాలో అక్కడ నేర్చుకోవచ్చు.

లైసెన్స్ ఎక్కడ తీసుకోవాలి?

ఎఫ్‌ఎంఎస్‌సీఐ (ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా) దగ్గర. 1971లో ఏర్పడిన ఈ సమాఖ్యకు కార్ల వైపు ఎఫ్‌ఐఏ, బైకుల వైపు ఎఫ్‌ఐఎం అనే అంతర్జాతీయ సంస్థల గుర్తింపు ఉంది. డ్రైవర్, నావిగేటర్ ఇద్దరూ విడివిడిగా పోటీ లైసెన్స్ తీసుకోవాలి, అదీ ప్రతి ఏడాది. మామూలు డ్రైవింగ్ లైసెన్స్, వైద్య పరీక్ష, బ్లడ్ గ్రూప్ వివరాలు సిద్ధం చేసుకోండి. ర్యాలీకి వారం ముందు మొదలుపెడితే అనవసరమైన టెన్షన్.

మొదటి ఏడాదే అన్ని రౌండ్లూ చేయాలా?

వద్దు. ఛాంపియన్‌షిప్‌లో ఒక్కో ర్యాలీ ఒక రౌండు. రౌండ్లు ఎక్కువగా చెన్నై, కోయంబత్తూరు, బెంగళూరు, చిక్కమగళూరు వైపు జరుగుతుంటాయి. కొన్నేళ్లు అరుణాచల్ ప్రదేశ్‌కి కూడా వెళ్లాలి. హైదరాబాద్ నుంచి బెంగళూరుకే 570 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కారుని ట్రైలర్ మీద వేసుకుని, మెకానిక్కులనీ సామాన్లనీ ఇంకో బండిలో తీసుకెళ్లి రావాలంటే, పోటీ మొదలవకముందే డబ్బూ ఓపికా సగం అయిపోతాయి. దగ్గరున్న రెండు మూడు రౌండ్లు ఎంచుకోండి. రౌండుకీ రౌండుకీ మధ్య కారు పూర్తిగా విప్పి చూసుకునే సమయం ఉండాలి. అన్నిటికీ ఎంట్రీ వేసి రెండో రౌండుకే డబ్బులయిపోయిన జట్లు చాలా ఉన్నాయి.

ఎంత ఖర్చవుతుంది?

కారు ధర గురించే అందరూ అడుగుతారు. కొత్త జట్లని ముంచేది కారు కాదు, ఒక్కో ర్యాలీకీ మళ్లీ మళ్లీ అయ్యే ఖర్చు. ఎంట్రీ ఫీజు, టైర్లు, ట్రైలర్, డీజిల్, రెక్కీకి (ర్యాలీకి ముందు స్టేజీలు చూసి రావడానికి) వేరే కారు, జట్టు మొత్తానికి నాలుగైదు రోజుల గదులు, భోజనాలు, మెకానిక్కుల బత్తా, ఇరిగిపోయే సామాన్లు. ఇవన్నీ కాగితం మీద రాసి కూడండి. అందులో టైర్ల లెక్క తక్కువ వేసుకోవద్దు, గులకరాళ్ల స్టేజీల్లో గ్రావెల్ టైరు అంచులు చిరిగిపోతాయి. ఆ మొత్తాన్ని మీరు చేయాలనుకున్న రౌండ్లతో గుణించి, దానికి ఒక పెద్ద రిపేరు ఖర్చు కలపండి. అప్పు చేయకుండా ఆ డబ్బు మీ దగ్గర ఉంటేనే కారు కొనండి. లేకపోతే రౌండ్లు తగ్గించండి, ఇంకా కావాలంటే కారు స్థాయి తగ్గించండి. భద్రతా సామాన్ల దగ్గర మాత్రం రూపాయి కూడా తగ్గించొద్దు.

రెడీగా ఉన్న ర్యాలీ కారుని అద్దెకి ఇచ్చే జట్లు కూడా ఉన్నాయి. ఒక్క రౌండు చేసి చూద్దాం అనుకునేవాళ్లకి అదే మంచిది. కానీ కారు దెబ్బతింటే ఎంత కట్టాలో ముందే కాగితం మీద రాయించుకోండి.

కారుకి ఇన్సూరెన్స్ ఉంది. చాలదా?

చాలదు. మన మోటారు పాలసీల్లో 'వాడకం మీద పరిమితులు' అనే చోట వ్యవస్థీకృత రేసింగ్, వేగ పరీక్షలు వర్తించవని రాసి ఉంటుంది. స్టేజీలో కారు బోల్తా పడితే పాలసీ డబ్బులు రావు. ఆరోగ్య బీమా కూడా చూసుకోండి. ప్రామాణిక మినహాయింపుల్లో ప్రమాదకర, సాహస క్రీడల్లో వృత్తిగా పాల్గొన్నందువల్ల అయ్యే చికిత్స ఒకటి, అందులో మోటార్ రేసింగ్ పేరు పెట్టి మరీ ఉంది. మీరు సరదాగా చేసేవాళ్లయినా, మీ విషయంలో ఏం వర్తిస్తుందో బీమా కంపెనీ నుంచి ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. పోటీ లైసెన్స్‌తో, ఎంట్రీతో వచ్చే ప్రమాద బీమా ఎంత మొత్తానికో కూడా కనుక్కోండి.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

'ఏం కాదు' అని చెప్పొద్దు, అది నిజం కాదు. రోల్ కేజ్ చూపించండి, హార్నెస్ (పోటీ కారు సీటు బెల్టు) కట్టి వాళ్లనే కూర్చోబెట్టండి. స్టేజీలో అంబులెన్సులు, రెస్క్యూ బృందం ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పండి. ఎంత డబ్బు పెడుతున్నారో దాచకండి. కారు మీద ఖర్చు గురించి తర్వాత తెలిస్తే వచ్చే గొడవ ప్రమాదం గురించి వచ్చే గొడవ కన్నా పెద్దది. ఒప్పుకోవడానికి ఏడాది పడితే ఆ ఏడాది టీఎస్‌డీలు చేయండి.

అమ్మాయిలు కూడా పోటీ చేయొచ్చా?

చేయొచ్చు, స్టేజీ అదే, గడియారం అదే. ఫ్రాన్స్‌కి చెందిన మిషెల్ మూటన్ 1981లో ఇటలీలోని శాన్‌రెమో ర్యాలీ గెలిచి, ప్రపంచ ఛాంపియన్‌షిప్ రౌండు గెలిచిన మొదటి మహిళ అయింది. పక్కన నావిగేటర్‌గా కూర్చున్న ఫాబ్రిజియా పోన్స్ కూడా మహిళే. మరుసటి ఏడాది ఆ జోడీ ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానంలో నిలిచింది.

## కారు

ఏ కారు తీసుకోవాలి?

మీ ఊళ్లో మెకానిక్ కళ్లు మూసుకుని విప్పగలిగేది, సామాను సులువుగా దొరికేది. మన దేశంలో ఎస్టీమ్, బలేనో, సీడియా, పోలో, జిప్సీ ఇలా రకరకాల కార్లు ర్యాలీల్లో పరిగెత్తాయి. పోలో అమ్మకాలు 2022లో ఆగిపోయినా ర్యాలీకి తయారుచేసినవి, వాటి పార్టులు ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. కొత్త జట్టు షోరూం కారు కొని మొదటి నుంచి తయారుచేయడం కన్నా, ఇప్పటికే ర్యాలీకి కట్టిన పాత కారు కొనడం చవక. కొనే ముందు షెల్ (కారు బాడీ) చూడండి. స్ట్రట్ టవర్ల (సస్పెన్షన్ పైన బిగించే చోట్ల) దగ్గర పగుళ్లు, ఫ్లోర్ మడతలు, వెల్డ్ మీద వెల్డ్ ఉంటే వదిలేయండి. ఇంజిన్ మార్చుకోవచ్చు, వంగిన షెల్‌తో ఏమీ చేయలేరు. ఆ ఏడాది నిబంధనల్లో ఆ కారు ఏ క్లాసులోకి వస్తుందో, అసలు వస్తుందో లేదో అడ్వాన్స్ ఇచ్చేముందే కనుక్కోండి.

మా ఏరియాలో మంచి వెల్డర్ ఉన్నాడు. రోల్ కేజ్ ఆయనతో చేయించొచ్చా?

ర్యాలీ కేజ్‌లు కట్టిన అనుభవం లేకపోతే వద్దు. గేట్లూ గ్రిల్స్ ఎంత అందంగా చేసినా సరే. కేజ్ పైపు అతుకులేని, కోల్డ్ డ్రాన్ కార్బన్ స్టీల్‌ది అయి ఉండాలి. మెయిన్ హూప్ (సీట్ల వెనక ఉండే పెద్ద వంపు పైపు) 45 మి.మీ. వ్యాసం 2.5 మి.మీ. మందం, లేదా 50 మి.మీ. వ్యాసం 2 మి.మీ. మందం ఉండాలని, మధ్యలో అతుకు లేకుండా ఒకే పైపుని వంచి చేయాలని ఎఫ్‌ఐఏ నిబంధన. వంపు దగ్గర పైపు నొక్కుకుపోకూడదు. నీళ్ల పైపులకి వాడే జీఐ పైపు పైకి అలాగే కనిపిస్తుంది, కానీ బోల్తా పడినప్పుడు మడతపడిపోతుంది. పెయింట్ వేయకముందు ప్రతి వెల్డ్‌నీ తెలిసిన స్క్రూటినీర్‌కి (ర్యాలీకి ముందు కార్లు తనిఖీ చేసే అధికారికి) చూపించండి. హెల్మెట్ తగిలే చోట్లన్నీ ప్యాడింగ్ పెట్టించండి.

పవర్ పెంచాలా, సస్పెన్షన్ మీద పెట్టాలా?

సస్పెన్షన్. మంచి షాక్ అబ్సార్బర్లు, గట్టి సంప్ గార్డ్ (ఇంజిన్ కింద రక్షణ పలక), మంచి బ్రేక్ ప్యాడ్లు, ఆ తర్వాతే ఇంజిన్. గుంతలో దిగిన చక్రం మళ్లీ నేలని తాకకపోతే పవర్ ఎంతున్నా అది గాల్లోనే తిరుగుతుంది. పైగా పెంచిన పవర్‌కి గేర్‌బాక్స్, డ్రైవ్ షాఫ్ట్‌లు తట్టుకోక స్టేజీలోనే ఆగిపోతాయి. మొదటి ఏడాది స్టాక్ ఇంజిన్ మంచి కూలింగ్‌తో, శుభ్రమైన ఎయిర్ ఫిల్టర్‌తో చాలు.

హెల్మెట్, సూట్, హార్నెస్ సెకండ్ హ్యాండ్‌వి కొనొచ్చా?

సూట్ కొనొచ్చు, చిరుగులు లేకుండా, ఎఫ్‌ఐఏ లేబుల్ చెక్కుచెదరకుండా ఉంటే. హెల్మెట్ మాత్రం వద్దు. అది ఒకసారి గట్టిగా తగిలి ఉంటే లోపలి పొర పనికి రాదు, బయటికి తెలియదు. హార్నెస్‌కీ సీటుకీ గడువు ఉంటుంది. ఎఫ్‌ఐఏ 8855-1999 ప్రమాణం సీటు తయారైన తేదీ నుంచి 5 ఏళ్లు. హార్నెస్ లేబుల్ మీద చెల్లే ఏడాది ముద్రించి ఉంటుంది. ఆ ఏడాది దాటినదాన్ని స్క్రూటినీలో ఒప్పుకోరు. మెడని కాపాడే హ్యాన్స్ పరికరం మీ హెల్మెట్‌కి ఉన్న క్లిప్పులకి సరిపోతుందో లేదో కొనే చోటే పెట్టుకుని చూడండి.

తెల్లవారుజామున ఔటర్ మీదో, ఊరి బయట రోడ్డు మీదో ప్రాక్టీస్ చేస్తే తప్పేంటి?

అది నేరం. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద రేసు, వేగ పరీక్ష చేస్తే 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, రెండూ పడొచ్చు. చట్టం పక్కన పెట్టినా, ఆ రోడ్డు మీద పాలు వేసే మనిషి వస్తాడు, పొలానికి పోయే ట్రాక్టర్ వస్తుంది. ఎవరి పట్టా భూమైనా మాట్లాడుకుని, కంచె ఉన్న చోట, ఒక బండీ ఇద్దరు మనుషులూ ఫస్ట్ ఎయిడ్‌తో పక్కన ఉండగా ప్రాక్టీస్ చేయండి.

## జట్టు

ఎంతమంది కావాలి?

కారులో ఇద్దరు, కింద ముగ్గురు. ఇద్దరు మెకానిక్కులు, అన్నీ చూసుకునే మేనేజర్ ఒకరు. ఆ మేనేజర్ని తేలిగ్గా తీసుకోవద్దు. పెట్రోలు, భోజనాలు, గదులు, కాగితాలు, నోటీసు బోర్డు, టైములు అన్నీ ఆయనే చూస్తాడు. అతను లేని జట్టులో డ్రైవరే రాత్రి 11 గంటలకి బిర్యానీ కోసం తిరుగుతాడు, తెల్లారి స్టేజీలో నిద్ర మొహంతో కూర్చుంటాడు.

మా బావ కారు బాగా నడుపుతాడు, ఆయన్నే నావిగేటర్‌గా పెట్టుకోవచ్చా?

బాగా నడపడానికీ బాగా చదవడానికీ సంబంధం లేదు. నావిగేటర్‌కి కావాల్సింది వేరే గుణం: కారు పక్కకి జారుతున్నా కళ్లు కాగితం మీదే ఉండాలి, గొంతు వణకకూడదు, నిమిషాల లెక్క తప్పకూడదు. ఇంకో ముఖ్యమైన సంగతి, డ్రైవర్‌ని 'తగ్గించు' అనగలిగే చనువుండాలి, అంటే డ్రైవర్ వినాలి. ఇద్దరూ బంధువులైతే ఈ చివరిది ముందే మాట్లాడుకోండి.

## రెక్కీ, నోట్స్

పేస్ నోట్స్ ఎలా రాయాలి?

పేస్ నోట్స్ అంటే స్టేజీలో నావిగేటర్ చదివి వినిపించే రోడ్డు వివరాలు. రెక్కీలో మామూలు కారులో, పరిమిత వేగంతో, సాధారణంగా ఒక్కో స్టేజీని రెండుసార్లు చూడనిస్తారు. మొదటిసారి డ్రైవర్ చెబుతుంటే నావిగేటర్ రాస్తాడు. రెండోసారి నావిగేటర్ చదువుతుంటే డ్రైవర్ సరిచేస్తాడు. మలుపులకి 1 నుంచి 6 వరకు అంకెలు వేసేవాళ్లే ఎక్కువ: 1 అంటే హెయిర్‌పిన్ లాంటిది, 6 అంటే దాదాపు కాలు తీయకుండా పోయేది. తర్వాత దూరం మీటర్లలో. 'ఎల్ 4 టైటెన్స్, 80, ఆర్ 3 డోంట్ కట్, క్రెస్ట్' అంటే ఎడమకి నాలుగు, చివర్లో బిగుస్తుంది, 80 మీటర్లు, కుడికి మూడు, లోపలి అంచు కోయొద్దు, తర్వాత రోడ్డు అవతల కనపడని మిట్ట.

కొత్తవాళ్లు రెక్కీలో చూసిన ప్రతి రాయీ రాస్తారు. స్టేజీలో అదంతా చదివే సమయం ఉండదు. చదివేసరికి ఆ రాయి దాటిపోతారు. మలుపు, దూరం, ప్రమాదం, ఈ మూడు చాలు. ప్రమాదాన్ని మాత్రం ఎర్ర ఇంకుతో, ముందు పేజీ చివర్లో కూడా రాయండి. నాకు తెలిసి మొదటి సీజన్‌లో ఇంజిన్ మీద పెట్టే డబ్బు కన్నా, రెక్కీ రాత్రి ఇద్దరూ కూర్చుని ఆ నోట్స్‌ని వీడియోతో పోల్చుకుంటూ తిరగరాసే మూడు గంటలే ఎక్కువ సెకన్లు ఇస్తాయి.

నోట్స్ తెలుగులో చెప్పుకోవచ్చా?

చెప్పుకోవచ్చు, మీ ఇద్దరికీ ఏది త్వరగా వినపడితే అదే వాడండి. సగం ఇంగ్లీషు, సగం తెలుగు అయినా ఫర్వాలేదు, ఒకే సంగతికి ఎప్పుడూ ఒకే మాట ఉంటే చాలు.

రెక్కీ అయ్యాక ఆ రోడ్డుని ఇంకోసారి చూసి రావచ్చా?

వద్దు. అనుమతి లేని సమయంలో స్టేజీ రోడ్డు మీద మీ జట్టువాళ్లు కనిపిస్తే ఫిర్యాదు వస్తుంది, పోటీ నుంచే తీసేయొచ్చు.

## ర్యాలీ రోజులు

టైం కంట్రోల్ అంటే భయంగా ఉంది. లెక్క ఎలా?

టైం కంట్రోల్ అంటే దారిలో మీ టైం కార్డు ఇచ్చి టైం రాయించుకునే చోటు. స్టేజీ స్టార్ట్ 10:14 అని టైం కార్డులో పడింది, తర్వాతి కంట్రోల్‌కి 35 నిమిషాలు ఇచ్చారనుకుందాం. మీ టైం 10:49. ఆ నిమిషం మొత్తంలో, అంటే 10:49:00 నుంచి 10:49:59 లోపు, కార్డు చేతికిస్తే పెనాల్టీ లేదు. ఎఫ్‌ఐఏ పద్ధతిలో ఆలస్యానికి నిమిషానికి 10 సెకన్లు, ముందొస్తే నిమిషానికి పూర్తిగా ఒక నిమిషం. అంటే ముందుగా వెళ్లడమే పెద్ద తప్పు. పసుపు గడియారం బోర్డు దగ్గర జోన్ మొదలవుతుంది, ఎర్ర గడియారం బోర్డు దగ్గర కార్డు ఇవ్వాలి. తొందరగా వచ్చేస్తే పసుపు బోర్డుకి ముందే ఆగండి. మార్షల్ (దారిలో ఉండే ర్యాలీ సిబ్బంది) రాసిన టైముని అక్కడే చదవండి, తప్పుంటే అక్కడే మర్యాదగా అడగండి.

స్టార్ట్ వరుసలో మాది చివరి నంబరు. దానివల్ల నష్టమా?

లాభనష్టాలు రెండూ ఉన్నాయి. ముందు పోయినవాళ్లు వదులు గులకరాళ్లు ఊడ్చేస్తారు, మీకు పట్టు దొరుకుతుంది. కానీ అప్పటికి గాడులు లోతుగా పడతాయి, మలుపు లోపల పాతుకున్న రాళ్లు పైకి తేలతాయి. అందుకే రెక్కీలో 'కట్' అని రాసుకున్న చోట కూడా మొదటి ఏడాది కోయొద్దు. దుమ్ము ఎదురుగా నిలిచిపోతే ఇంకొంచెం వ్యవధి ఇమ్మని స్టార్ట్ దగ్గర అడగండి, పరిస్థితిని బట్టి ఇస్తారు.

స్టేజీ మధ్యలో పంక్చర్ అయితే ఆగి మార్చాలా?

ఎంత దూరం మిగిలిందో బట్టి. మూడు నాలుగు కిలోమీటర్లుంటే మెల్లగా బయటికి తెచ్చుకోండి. పది దాటితే ఆగి మార్చండి, రిమ్ము మీద అంత దూరం నడిపితే బ్రేకు, ఆర్మ్ కూడా పోతాయి. ఆగేటప్పుడు నేరుగా ఉన్న చోట, రోడ్డు అంచున ఆగండి. మలుపు తర్వాత ఆగొద్దు. ఇంట్లో ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకుని, టైం చూసుకుంటూ చక్రం మార్చడం ప్రాక్టీస్ చేయండి.

కారు ఆగిపోయినా, బోల్తా పడినా మొదట ఏం చేయాలి?

ఇద్దరూ బాగున్నారా చూసుకోండి. బాగుంటే వెంటనే ఓకే బోర్డు వెనక వచ్చే కార్లకి చూపించాలి. వెనక కార్లు వచ్చే వైపు, మీ కారుకి కనీసం 50 మీటర్ల దూరంలో ఎర్ర త్రికోణం పెట్టాలి. వైద్యం కావాలంటే ఎర్ర ఎస్‌ఓఎస్ బోర్డు. ఇవి సీటు వెనక ఎక్కడో కాకుండా చేతికందే చోట ఉండాలి. త్రికోణం పెట్టాక కారు దగ్గర కాదు, రోడ్డుకి దూరంగా, కారు వచ్చి గుద్దినా తగలని చోట నిలబడండి.

ముందు కారు పడి ఉండి, ఎస్‌ఓఎస్ కనిపించినా, ఏ బోర్డూ కనిపించకపోయినా మీరు ఆగాల్సిందే. ఇది దయతో చేసే పని కాదు, రూలు. మీకు పోయిన టైముకి ర్యాలీ అధికారులు న్యాయమైన టైం ఇస్తారు. స్టేజీలో మీ ముందు మార్షల్ ఎర్ర జెండా ఊపితే అక్కడితో పోటీ వేగం ఆపేయాలి.

మెకానిక్ దారిలో ఎక్కడైనా కలిసి రిపేరు చేయొచ్చా?

చేయకూడదు. రిపేరు సర్వీస్ పార్కులోనే (జట్లన్నిటికీ రిపేర్ల కోసం కేటాయించిన చోటు), ఇచ్చిన నిమిషాల్లోనే. దారిలో అయితే కారులో ఉన్న పనిముట్లతో మీ ఇద్దరే చేసుకోవాలి. అందుకే జుబిలీ క్లిప్పులు, వైరు, టేపు, ఎం-సీల్, బెల్టు, స్పానర్ల సెట్ కారులోనే కట్టి ఉంచండి. సర్వీస్ పార్కులో కారు కింద తార్పాలిన్ పరవండి, జాకీ ఒక్కదాని మీద వదిలి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టండి. కారు లోపలికి రాగానే మొదట డ్రైవర్ చెప్పేది వినండి, తర్వాత ఎవరికిచ్చిన మూలని వాళ్లు చూడండి.

మా ఫ్రెండ్స్ స్టేజీ చూస్తారట. ఎక్కడ నిలబడాలి?

మార్షల్ చూపించిన చోట, రోడ్డు కన్నా ఎత్తున, మలుపు లోపలి వైపు. మలుపు బయటి అంచు, మిట్ట దాటిన చోటు, ఎస్కేప్ రోడ్డు (మలుపు తప్పిన కారు నేరుగా పోయే దారి), ఈ మూడిట్లో నిలబడకూడదు. బైక్ మీద స్టేజీలోకి అసలు రావొద్దు. 2019 సెప్టెంబరులో జోధ్‌పూర్ దగ్గర జరిగిన ర్యాలీలో బైక్ ఒకటి స్టేజీలోకి వచ్చి పోటీ కారుకి ఎదురైంది, ఒకే కుటుంబానికి చెందిన ముగ్గురు చనిపోయారు. మూసేసిన రోడ్డు మూసేసినట్టే ఉండాలి. మీ ఫ్రెండ్స్‌కి రిబ్బన్ దాటొద్దని ముందే గట్టిగా చెప్పండి, వాళ్లు రావడం మానుకున్నా ఫర్వాలేదు.

## తర్వాత

మొదటి రోజే డీఎన్‌ఎఫ్ (ర్యాలీ పూర్తి చేయలేకపోయాం). సీజన్ పోయినట్టేనా?

లేదు. చాలా ర్యాలీల్లో మరుసటి రోజు పెనాల్టీతో మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఉంటుంది, షరతులు సప్లిమెంటరీ రెగ్యులేషన్స్‌లో ఉంటాయి. కేజ్‌కి దెబ్బ తగలకపోతే రాత్రంతా కూర్చునైనా బండి బాగుచేసి దిగండి. ఫలితం పట్టికలో ఎక్కడున్నా, ఆ స్టేజీ కిలోమీటర్లు మీవే. కేజ్ వంగితే మాత్రం అక్కడితో ఆపండి.

స్పాన్సర్ దొరుకుతాడా?

మొదటి ఏడాది డబ్బిచ్చేవాళ్లు దొరకడం కష్టం. సామానో పనో ఇచ్చేవాళ్లు దొరుకుతారు: టైర్ల డీలర్, ట్రైలర్ ఉన్న స్నేహితుడు, స్టిక్కర్లు కొట్టే షాపు. వాళ్లకి కారు తలుపు మీద పేరుతో పాటు, ర్యాలీ అయ్యాక నాలుగు మంచి ఫొటోలు, ఏం జరిగిందో ఒక పేజీ రాసి పంపండి. ర్యాలీ డ్రైవర్ గౌరవ్ గిల్‌కి 2019లో అర్జున అవార్డు వచ్చాక ర్యాలీ అంటే ఏంటో కొంతమందికైనా తెలిసింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) జరిగాక హైదరాబాద్‌లో మోటార్‌స్పోర్ట్ గురించి మాట్లాడటం సులువైంది. ఇవి చెప్పుకోవచ్చు, కానీ గెలుస్తామని మాట ఇవ్వొద్దు.

రెండో సీజన్‌కి పెద్ద కారు తీసుకోవాలా?

అదే కారుతో ఇంకో ఏడాది చేయండి. మొదటి ఏడాది చేసిన స్టేజీలకే వెళ్లి, మీ పాత టైముతో పోల్చుకోండి, వాతావరణం, రోడ్డు పరిస్థితి కూడా పక్కన రాసుకోండి. మీ టైము తగ్గుతూ ఉన్నంత కాలం కారు మార్చాల్సిన పని లేదు. కారు చేయగలిగినంతా మీరు చేస్తున్నారని మీ నావిగేటర్ చెప్పినప్పుడు మారుద్దురు.